కాఫీ కళ్ళంలో మా బండి

అక్క నిద్రలో ఊపిరి మరిచిపోతుంది. డాక్టరు దానికి ఏదో పేరు చెప్పాడు గానీ మేం ఇంట్లో అలాగే అంటాం. పడుకున్న కాసేపటికి గొంతులో గాలి దారి మూసుకుపోతుంది, ఉలిక్కిపడి లేస్తుంది, మళ్ళీ కన్ను మూతపడగానే మళ్ళీ అదే వరస. అందుకని ముక్కుకు తొడుగు పెట్టుకుని, గొట్టంలోంచి గాలి ఊదే చిన్న మిషను పక్కన పెట్టుకుని పడుకుంటుంది. తెల్లవార్లూ ఆ మిషనుకు కరెంటు ఉండాలి.

హిందీ టీచరుగా రిటైరైన వెంటనే అక్క ఒక పాత స్కూలు వ్యాను కొని దాన్ని ఇల్లుగా మార్పించింది. లోపల రెండు మంచాలు, ఒక పొయ్యి, చిన్న సింకు. మంచం కింద రెండు పెద్ద బ్యాటరీలు. "లాడ్జీల్లో కరెంటు పోతే నా మిషను ఏటవుద్దే? మన కరెంటు మన కూడా ఉండాలి" అంది. నేను విజయనగరంలో ఆడవాళ్ళకు డ్రైవింగు నేర్పేదాన్ని. బండి నడపడం నా వంతు, ఎక్కడ ఆపాలో చెప్పడం తన వంతు అనుకున్నాం.

చలికాలం మొదట్లో అరకు లోయ దాటి, లోపలి ఊళ్ళో ఒక కాఫీ రైతు ఇంటి కళ్ళంలో ఆపాం. ఆ మొగుడూ పెళ్ళాలు సీజనులో టూరిస్టుల డేరాలకు చోటిస్తారు. మా బండికి బయటివైపు ఒక సాకెట్టు ఉంది. ఆగిన చోట ఇంటి కరెంటు వైరు దానికి తగిలిస్తే లోపలి చార్జరు బ్యాటరీలను నింపుతూ ఉంటుంది. వాళ్ళ వరండాలోని ప్లగ్గు నుంచి మా బండి దాకా వైరు లాగాను. చార్జరు మీద పచ్చ దీపం వెలిగింది. ఇంక దిగుల్లేదనుకుని పడుకున్నాను.

తెల్లారగట్ల అక్క దగ్గుతూ లేచి కూర్చుంది. మిషను ఆగిపోయి ఉంది. తొడుగు ఊడదీసి, తల రెండు చేతులా పట్టుకుని, "పగిలిపోతందే" అంది. పెదాలు పాలిపోయి ఉన్నాయి. మీటరు చూస్తే బ్యాటరీలు రెండూ అడుగంటాయి. వైరు తగిలించే ఉంది, పచ్చ దీపం వెలుగుతూనే ఉంది.

అప్పటి నుంచి నాకు ఒక చోట కాలు నిలవలేదు. అక్క టీ తాగి, మాత్ర వేసుకుని తేరుకుంది. నేను మాత్రం బండి చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. వైరు పట్టుకుని చూస్తే, చుట్ట చుట్టి మిగిల్చిన భాగం వేడెక్కి ఉంది. విప్పి కళ్ళం మీద పొడుగ్గా పరిచాను. వరండా ప్లగ్గు దగ్గర వోల్టేజీ కొలిచాను. పొద్దున పరవాలేదు. మధ్యాహ్నం తగ్గింది. దీపాలు పెట్టే వేళకు బల్బు ఎర్రగా మిణుకుమంటోంది, అప్పుడు అర్థమైంది. కరెంటు మరీ పల్చబడితే మా చార్జరు తనంతట తాను పని మానేస్తుంది. ఆ పచ్చ దీపానికి అర్థం బయటి నుంచి కరెంటు వస్తోందనే, బ్యాటరీలోకి పోతోందని కాదు.

"కొండలు చూడ్డానికొచ్చావా, మీటరు చూడ్డానికొచ్చావా?" అని అక్క విసుక్కుంది.

"నీ ఊపిరి చూడ్డానికొచ్చాను" అన్నాను. మాట కాస్త గట్టిగానే వచ్చింది. అక్క శాలువా కప్పుకుని ఒక్కతే మిరియాల తీగల వైపు నడిచి వెళ్ళిపోయింది.

ఇంటావిడ ఇదంతా చూస్తూనే ఉంది. నా కంటే కొంచెం చిన్నది, నన్ను అక్కా అనీ మా అక్కను పెద్దక్కా అనీ పిలిచేది. మర్నాడు దగ్గరికొచ్చి మొహమాటంగా, "అక్కా, ఏటీ అనుకోకు. మద్దినేల మీ వైరు తీసెయ్యాల. మీది తగిలించి ఉంటే మా మిషను తిరగట్లేదు" అంది.

వాళ్ళ మిషనంటే కాఫీ పళ్ళ తోలు వలిచేది. కోసిన పళ్ళు ఆ రోజే వలిచెయ్యాలి, నిలవుంటే పులిసిపోతాయి. మేం వచ్చినప్పటి నుంచీ ఆ మోటారు మూలుగుతోందని, అది మా బండి వల్లేనని నాకు తట్టనే లేదు. ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. పొద్దున్నుంచి తోటలోంచి పళ్ళు దిగేదాకా కరెంటు మాది, తరవాత వాళ్ళది. బండిని వరండా దగ్గరికి జరిపి వైరు పొట్టిది చేశాను. రెండు రోజులు గాలి మిషను తెల్లారేదాకా నడిచింది, అక్క తలనొప్పి లేకుండా లేచింది. నేను మాత్రం గంటకోసారి వెళ్ళి మీటరు చూసి వచ్చేదాన్ని.

ఆ తరవాత వాన పట్టింది. సముద్రంలో ఏదో వాయుగుండం అన్నారు. గాలికి ఘాటు రోడ్డులో చెట్టు విరిగి లైను మీద పడింది, ఊరంతటికీ కరెంటు పోయింది. ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. సరిగ్గా ఆ మధ్యాహ్నమే, వానకు రాలిపోతాయని తొందరపడి కోసిన పళ్ళు బస్తాలకు బస్తాలు కళ్ళంలోకి దిగాయి. ఇంటాయన తడిసిన తలతో ఆ బస్తాల మధ్య నిలబడి, మోటారు వైపు చూసి, బీడీ ముట్టించాడు.

నాకు తట్టింది. మా బ్యాటరీలు నిండుగా ఉన్నాయి, బండిలో ఇన్వర్టరు ఉంది. కానీ ఆ మోటారుకు పెడితే రాత్రికి అక్కకు మిగలదు.

నేను దాచుకున్న మాట అక్క పైకి అనేసింది. "మన బండి కరెంటు ఈళ్ళ మిషనుకి పెట్టవే."

"రాత్రికి నువ్వేం చేస్తావు?"

"కూర్చుని కునుకు తీస్తాను. నా ఊపిరి నా ఇష్టం. బేగి వైరు లాగు."

వైరు మోటారు దాకా లాగాను. ఇంటాయన స్విచ్చి నొక్కాడు. మోటారు ఒక్కసారి గుర్రుమంది, బండిలో ఇన్వర్టరు కీచుమని అరిచి ఎర్ర దీపం వెలిగించి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ అంతే. మోటారు కదలడానికి ఒక్క ఊపున అడిగే కరెంటు మా డబ్బా ఇవ్వలేదు. ఇంటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మీ బండి కూడా మా లైనులాగే ఉందక్కా!"

ఆ నవ్వుతో ఇంటాయన కదిలాడు. బీడీ పారేసి, మోటారు బెల్టు ఊడదీసి, మిషను చక్రానికి పాత చేతిపిడి బిగించాడు. మోటారు రాకముందు అలాగే తిప్పేవారట. పక్కింటి దంపతులు కూడా వచ్చారు. వంతులు వేసుకుని తిప్పాం. పళ్ళు పోసేవాళ్ళు పోస్తున్నారు, జారుడుగా తెల్లగా గింజలు తొట్టిలోకి దూకుతున్నాయి. నా భుజాలు పట్టేశాయి గానీ, అన్ని రోజుల్లోనూ నేను మీటరు గుర్తు చేసుకోని పూట అదొక్కటే. అక్క పీట వేసుకుని కూర్చుని పచ్చి కాయలు ఏరి పారేసింది. చీకటి పడేసరికి అడుగు బస్తా ఒక్కటి తప్ప అన్నీ అయ్యాయి.

ఆ రాత్రి అక్క మిషను నడిచింది, ఎందుకంటే బ్యాటరీలు ఖర్చు కాలేదు. కానీ మర్నాటికి మళ్ళీ నింపాలి, ఊళ్ళో కరెంటు లేదు. నిలబెట్టిన బండిలో ఇంజను ఆడిస్తే ఎక్కేది కొంచెం, పొగంతా వరండాలో ఆరబోసిన గింజల మీదికి. నడిపితేనే బ్యాటరీలు బాగా ఎక్కుతాయి. అందుకని పొద్దున్నే బయల్దేరాం, ఎక్కడికో తెలీకుండానే.

ఇంటావిడ పరుగెత్తుకొచ్చి కిటికీ పట్టుకుంది. "ఎల్పోతన్నారా అక్కా?"

"పోవట్లేదు. ఊరికే తిరిగొస్తాం, బ్యాటరీ ఎక్కాలి."

"ఊరికే తిరగడం ఏటి? ఇయ్యాల సంత. అల్లం దించాల."

అక్క మంచం మీద అల్లం బస్తాలు, నా మంచం మీద రాజ్మా మూటలు, మధ్యలో పక్కింటావిడ, ఆమె ఒళ్ళో రెండు కోళ్ళు. ఇంటావిడ ముందు సీట్లో నా పక్కన కూర్చుంది. ఘాటు మలుపుల్లో నేను స్టీరింగు తిప్పుతుంటే నా చేతులనే చూసి, "నాకు నేర్పుతావా?" అంది. కరెంటు లేని రోజులన్నీ అలాగే గడిచాయి. ఒక రోజు సంతకి, ఒక రోజు ఆసుపత్రికి, ఒక రోజు ఆమె పుట్టింటికి. చదునైన చోట, ఎదురుగా ఎవరూ లేనప్పుడు, ఆమెను స్టీరింగు ముందు కూర్చోబెట్టాను. మొదటిసారి క్లచ్చి వదలగానే బండి కప్పలా గెంతింది. వెనక కోళ్ళు గోల పెట్టాయి, అక్క పడీ పడీ నవ్వింది.

లైను బాగయ్యాక కూడా, కోత అయ్యేదాకా మేం అక్కడే ఉన్నాం.

మొన్న ఇంటావిడ ఫోను చేసింది. వానరోజున మిగిలి పులిసిపోయిన ఆ బస్తా తప్ప, మిగతా గింజంతా మంచి రకంలోకే వెళ్ళిందట. "ఇంకొకటక్కా" అంది. పాడేరులో ఎవరి దగ్గరో ఆటో నేర్చుకుంటోందట, రివర్సు మాత్రం ఇంకా కుదరడం లేదట.