గోధుమ మడిలో పై వాటా, కింది వాటా

1963 ఫిబ్రవరి, చివరి ఆదివారం. పెరట్లో ఉన్నవారు: అమ్మ, నా భార్య, పక్క క్వార్టరు పంజాబీ ఆవిడ, ఆవిడ భర్త, నేను.

ఆ రోజు డైరీలో రాసుకున్నది ఇంతే. కింద "గోధుమలకు తలంటు" అని ఒక ముక్క మాత్రం ఉంది. మిగతాది జ్ఞాపకం మీద రాస్తున్నాను.

నాన్న పోయాక, అంతకుముందు వానాకాలం చివర్లో అమ్మను శ్రీకాకుళం వైపు నుంచి భిలాయి తీసుకొచ్చాను. వంట నా భార్య చేసేది. నీళ్ళు కుళాయిలో వచ్చేవి. పశువులు లేవు, పొలం లేదు, వీధిలో వినబడే హిందీలో ఒక్క ముక్క తెలియదు. రోజుకొకసారైనా "ఈ ఊర్లో నాకేటి పనుందిరా బాబూ, పంపించీ" అనేది.

పంజాబీ ఆవిడ గోడ మీదుగా ఒక గిన్నెడు గోధుమ విత్తనాలు ఇచ్చిన రోజు నుంచి ఆ మాట ఆగింది. అమ్మకు తెలిసిన పంట వరి ఒక్కటే. విత్తనాలు నానబెట్టి, మూల చిన్న ఆకుమడి కట్టి నారు పోసింది. మూడు వారాల తర్వాత ఆ నారు పీకి, పెరడంతా వరసలుగా నాటింది. గోధుమను నేరుగా చల్లడమే తప్ప నారు పోసి నాటడం పంజాబీ ఆవిడ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. "మాఁజీ, యే ధాన్ నహీ హై" అని గోడ పట్టుకుని నవ్వింది. ఇది వరి కాదని చెబుతోందని నేను వివరించే పని లేకపోయింది, ఆ నవ్వే చెప్పింది. అమ్మ నడుము ఎత్తకుండా నా భార్యతో అంది: "నాటకుండా పండితే అదేటి పంటే? రొట్టెలమ్మకేటి తెలుసు." ఆ పేరు ఆవిడకు అలాగే ఉండిపోయింది. కొన్నాళ్ళకు అర్థం తెలిసినా ఆవిడ ఏమీ అనుకోలేదు, పైగా ఆ పేరుతో పిలిస్తేనే పలికేది.

నాటిన వాటిలో కొన్ని చచ్చాయి. బతికినవి మాత్రం దుబ్బులు కట్టాయి. కాకపోతే ఆలస్యమైంది. మిగతా పెరళ్ళలో గోధుమ పసుపు తిరిగే వేళకు మాది ఇంకా లేతగా, పచ్చగా ఉంది. మా సెక్టారులో ఉన్న, రసం పీల్చే పేనుబంకంతా మా పెరటికి కాపురం వచ్చేసింది. కంకులు జిగురుతో మెరిశాయి, చీమలు బారులు తీరాయి. అమ్మ మొహం వాడిపోయింది. "ఇదీ పోతే నాకు టిక్కెట్టు కొనీ. ఇంక ఆపకు" అంది. ఈసారి కోపంగా అనలేదు, అందుకే భయమేసింది.

ఊళ్ళో చేసినట్టే కంకుల మీద బూడిద చల్లి, వేళ్ళతో తుడిచింది. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజుకు మళ్ళీ నిండాయి.

ఉక్కు ప్లాంటులో నాది రైలు పట్టాల తనిఖీ. సన్నటి పగుళ్ళు చూడడానికి సొంతంగా కొనుక్కున్న భూతద్దం ఒకటి ఉండేది. దానితో చూస్తే కొత్తగా వచ్చినవి మొదట ఉన్నవి కావు. కంకి మీద ముందున్నవి పొడుగు కాళ్ళవి, వెనక రెండు నల్లటి గొట్టాలు. ఇవి గుండ్రంగా, ముదురు ఆకుపచ్చగా, తోక దగ్గర తుప్పు రంగు మచ్చతో ఉన్నాయి. అంతకుముందు వీటిని కాండం అడుగున, మట్టికి దగ్గరగా చూశాను. ఆకుల మీద మూడో రకం కూడా కొద్దిగా ఉంది, లేతగా, వీపు మీద ఒక గీతతో. అది కూర్చున్న చోటల్లా పసుపు మచ్చ.

కొన్ని దుబ్బులకు పైన మాత్రం తుడిచాను, కొన్నింటికి కింద మాత్రం, కొన్నింటిని ముట్టుకోలేదు. పైన తుడిచిన చోట కిందివి ఎక్కాయి. కింద తుడిచిన చోటికి పైవి పెద్దగా దిగలేదు. ముట్టుకోని వాటిలో ఎవరి వాటాలో వాళ్ళు ఉన్నారు. భిలాయి తొలి రోజుల్లో మా హాస్టల్లో ఒకే మంచం ఇద్దరికి ఉండేది. పొద్దుటి షిఫ్టు వాడు లేవగానే రాత్రి షిఫ్టు వాడు వచ్చి పడుకునేవాడు. ఖాళీ మంచం నేనెప్పుడూ చూడలేదు. అమ్మ పై వాటా ఖాళీ చేయిస్తోంది, కింది వాళ్ళు సామాను సర్దుకుని పైకి వస్తున్నారు. ఈ సంగతి చెప్పగానే అమ్మ, "అయితే రెండిళ్ళూ ఒకే పూట కడిగీయాల" అంది.

ఆ ఆదివారం జరిగింది అదే. పంజాబీ ఆవిడ భర్త పురుగుల పొడి డబ్బా పట్టుకొచ్చాడు. తినే గింజ మీద అదేమిటని అమ్మ డబ్బాను అరుగు మీద పెట్టించి, ఆయన చేతికి బకెట్టు ఇచ్చింది. ఫర్నేసు దగ్గర పాతికమందిని అదిలించే మనిషి, మారు మాట్లాడకుండా సబ్బు నీళ్ళు మోశాడు. కంకులు నా భార్యకు, నాకు. కాండం అడుగులు అమ్మకు, పంజాబీ ఆవిడకు. ఎర్ర వీపు మీద నల్ల చుక్కల అక్షింతల పురుగు కనబడితే దాన్ని కదపకూడదు, అది పేనుబంకను తింటుంది. వరి ఊడ్పుల్లో లాగా అందరం వెనక్కి నడవాలని అమ్మ హుకుం. వెనక్కి నడుస్తూ పంజాబీ ఆవిడ బకెట్టులో కూర్చుంది. లేవలేక నవ్వుతూంటే అమ్మ చెయ్యిచ్చి లేపి, తనూ నవ్వింది. ఆ ఊరు వచ్చాక అమ్మ అంతగా నవ్వడం నేను అదే మొదటిసారి చూడడం. తర్వాత నాట్ల పాట ఎత్తుకుంది. అది అయ్యాక ఆవిడ తన ఊరి పాట పాడింది. సాయంత్రానికి మా బట్టలకు సబ్బు, బూడిద, జిగురు. గోధుమలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి.

ఆ రాత్రి అమ్మ పెందలాడే పడుకుంది.

మర్నాడు పొద్దున్నే డ్యూటీకి సైకిలు తీస్తూ పెరట్లోకి తొంగి చూశాను. అమ్మ, పంజాబీ ఆవిడ మడి మధ్యలో గొంతుక్కూర్చుని ఉన్నారు. అక్కడక్కడ ఒకటీ అరా తప్ప పేనుబంక లేదు. పవర్ హౌస్ రైల్వే స్టేషన్‌లో టిక్కెట్టు సంగతి కనుక్కోమంటావా అని అడిగాను.

అమ్మ ఒక గింజ గిల్లి చూపించింది. గోరు మీద తెల్లటి చుక్క.

"పాలు పోసుకున్నాయిరా. ఇప్పుడు నానెల్లిపోతే పిట్టల్ని ఎవులు తోల్తారు? నువ్వా?"

ఏమందని పంజాబీ ఆవిడ అడిగింది. చెప్పాను. ఆవిడ లేచి, పిట్టలను బెదిరించడానికి భర్త పాత తలపాగా గుడ్డ తెస్తానని ఇంట్లోకి వెళ్ళింది. నేను డ్యూటీకి ఆలస్యంగా చేరాను.