ఫ్యాన్ తిరుగుతూనే ఉంది

“నా చేతి పనికి వంక పెట్టకు. నడపడం రానివాడికి విమానమిచ్చినా ఉడకబెట్టి తెస్తాడు.”

“పద్దెనిమిదేళ్ళుగా కంపెనీ బస్సు నడుపుతున్నది ఎవరు మరి, మీరా? అమ్మని ఒకసారి వచ్చి చూడండి. ఒళ్ళంతా కాలిపోతోంది.”

“చూశాను. సిగ్నల్లో క్లచ్ మీద కాలు వేసుకుని కూర్చుంటాడు నీ తమ్ముడు. ఇంజన్ మాత్రం ఏం చేస్తుంది?”

రేకు గోడకి ఇవతల ఆ తమ్ముడు తన పాత కారు పక్కన నిలబడి అక్కాబావల ప్రతి మాటా వింటున్నాడు. బోనెట్ సందుల్లోంచి ఇంకా ఆవిరి వస్తోంది. అతని చెవుల్లోంచి అంతకంటే ఎక్కువ వస్తోంది.

వాళ్ళమ్మకి రోజు విడిచి రోజు డయాలిసిస్. గంట క్రితం ఆసుపత్రి నుంచి వస్తూ వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు. మీటరు ముల్లు ఎర్రగీత దాటబోతుంటే ఇంజన్ వేడి లాగేయడానికి అద్దాలు దించి హీటరు పెట్టాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో హీటరు. నాలుగు గంటలు మిషన్ మీద పడుకుని లేచిన మనిషి మొహం మీదికి. తరువాత బండి పక్కకి ఆపి, చల్లారాక రేడియేటర్లో రెండు సీసాల నీళ్ళు పోశాడు. అమ్మ ఆ సీసాల వంకే చూసింది. రోజుకి ఇన్ని గ్లాసులే తాగాలని ఆమెకి డాక్టరు గట్టిగా చెప్పాడు.

“నాకు కొలిచి పోస్తారు, దీనికి అడిగినంత,” అంది. బండి కదిలాక, “ఈ పొయ్యిలో ఇక కూర్చోను. ఎల్లుండి రాను,” అంది. వేళాకోళానికి అన్న మాట కాదది. కిరాయి బండి ఎక్కదు. ఓసారి వాంతి చేసుకుంటే డ్రైవరు నడిరోడ్డు మీద దించేశాడు. లోగడ ఒక్కసారి డయాలిసిస్ మానేసినందుకే కాళ్ళు దిమ్మల్లా వాచి, ఊపిరి అందక గిలగిల్లాడింది. ఎల్లుండి లోపు ఈ కారు బాగుపడాలి.

బావ అల్లాటప్పా మెకానిక్ కాదు. ఈ వీధిలో ఆయన పేరు చెవి డాక్టరు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఏ బేరింగ్ పోతోందో చెప్పేస్తాడు. పదమూడేళ్ళప్పుడు లారీల షెడ్డులో గ్రీజు తుడవడంతో మొదలుపెట్టి, ఈ రేకుల షెడ్డు సొంతంగా వేసుకున్నాడు. తన తప్పు ఒప్పుకోవడం మాత్రం ఆయన ఒంట్లో లేదు. పెళ్ళి ఫొటోలో కూడా గోళ్ళ నిండా మసి ఉంటుంది. అడిగితే నీడ అంటాడు.

మూడు వారాల క్రితం ఇంజన్‌ని చల్లబరిచే ఫ్యాన్ మోటారు కాలిపోతే ఆయనే కొత్తది బిగించాడు. వైర్లు కలిపే ప్లగ్గు కరిగిపోయింది కాబట్టి వైర్లు చేత్తో మెలేసి టేపు చుట్టాడు. ఆ రోజు నుంచీ ఇదే తంతు. ఖాళీ రోడ్డు మీద బండి చల్లగా ఉంటుంది, ట్రాఫిక్‌లో పడగానే ముల్లు లేస్తుంది. బావ థర్మోస్టాట్ మార్చాడు. రేడియేటర్ విప్పి కడిగాడు. నీళ్ళ పంపు మార్చాడు. ప్రతిసారీ, “ఇక మారాల్సింది నీ డ్రైవింగే,” అంటూ తాళాలు చేతిలో పెట్టాడు.

తమ్ముడు రేకు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. “బావా, బయటికి రా. ఇక్కడే నిలబెట్టి స్టార్ట్ చేద్దాం. ఎవరి కాలూ క్లచ్ మీద వద్దు.”

“విన్నావన్నమాట.”

“వీధంతా వింది.”

ఇంజన్ వేడెక్కాక ఫ్యాన్ గిర్రున అందుకుంది. బావ స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకున్నాడు. “తిరుగుతోంది. వెన్నలా తిరుగుతోంది. ఇంకేం కావాలి నీకు?”

ముల్లు మాత్రం పైకే పాకుతోంది. తమ్ముడు ఒళ్ళు మండి, కారు ముందుకు వెళ్ళి, రేడియేటర్ ముందుండే జాలిని తన్నబోయి ఆగాడు. మోకాళ్ళకి వేడిగాలి కొడుతోంది. కంపెనీ బస్సు జాలికి రోజూ ఏదో ఒక చిత్తుకాగితం అతుక్కుని ఉంటుంది. పీకి పారేయడం అతని పొద్దుటి పని. ఫ్యాన్ గాలిని లోపలికి లాగాలి. ఇది బయటికి ఊదుతోంది.

జేబులోంచి ఆసుపత్రి చీటీ తీసి జాలికి ఆనించి వదిలాడు. ఎగిరి రోడ్డు మీద పడింది. తెచ్చి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఎగిరింది.

“గాలికి,” అన్నాడు బావ.

“ఏ గాలి? ఆకు కూడా కదలట్లేదు. నీ ఫ్యాన్ వెనక్కి తిరుగుతోంది బావా. బండి పరిగెడుతుంటే ఎదురుగాలి చల్లబరుస్తోంది, ఆగితే దిక్కు లేదు. వైర్లు తారుమారు చేశావు.”

“రెండు వైర్లు కలపడం నాకు నేర్పుతావా?”

తమ్ముడు ఇంజన్ ఆపి టేపు కోశాడు. బండి వైపు ఒకటి నీలం, ఒకటి నలుపు. మోటారు వైపూ అంతే. నీలాన్ని నలుపుకి మెలేసి ఉంది.

“నీలం ఏది?”

బావ వైర్లని చొక్కాకి తుడిచాడు. కంటికి దగ్గరగా తెచ్చుకున్నాడు. వెలుతురులోకి తిప్పాడు. చాలాసేపు చూసి నల్లదాన్ని పట్టుకున్నాడు. “ఇది.”

తమ్ముడు వైర్లు వదిలేసి ఆయన కళ్ళలోకి చూశాడు. “ఎప్పట్నుంచి?”

“పోయిన చలికాలం నుంచి. పొగ పట్టినట్టుంటుంది. చెవి ఉందిగా అనుకున్నా.”

“కళ్ళు కనబడకపోతే తప్పని నేననట్లేదు. ఒక్క ముక్క చెబితే రంగు నేను చెప్పేవాణ్ణి. మూడు వారాలు నా కాలికి, నా బుద్ధికి వంకలు పెట్టావు. మా అమ్మ మొహాన నా చేతే హీటరు పెట్టించావు. నేనూ నమ్మాను చూడు, సిగ్నల్ దగ్గర నా కాలి వంక నేనే చూసుకుంటున్నా.”

బావ టేపు చుట్ట వెతుక్కున్నాడు. అది చూసి తమ్ముడికి ఇంకా మండింది. ఎప్పుడూ ఎదురుచెప్పే మనిషి, తనకి తిట్టే అవకాశం దొరికిన రోజునే తలవంచుకున్నాడు. వైర్లు తమ్ముడే మార్చి మెలేశాడు. టేపు బావ చుట్టాడు. మళ్ళీ స్టార్ట్ చేస్తే, ఈసారి చీటీ ఠపీమని జాలికి అతుక్కుంది. అరగంట ఇంజన్ ఆపలేదు. ముల్లు సగం దగ్గర నిలబడి కదల్లేదు.

అక్క గుమ్మంలోకి వచ్చింది. “ఏమైందిరా?”

“బాగైంది. ఎల్లుండి హీటరు ఉండదని అమ్మకి చెప్పు.”

లోపల్నుంచి అమ్మే జవాబిచ్చింది. “అల్లుడుగారు నా పక్కన కూర్చుంటేనే ఎక్కుతా. ఉడికితే ఇద్దరం ఉడుకుతాం.”

అక్క నవ్వుకుంటూ లోపలికి వెళ్ళింది. బావ జాలి మీది చీటీ పీకి, మడిచి, తమ్ముడి చేతిలో పెట్టాడు. మొహం మాత్రం ఇంజన్ వైపే ఉంది.

“కళ్ళ డాక్టరు కూడా ఆ ఆసుపత్రిలోనే ఉంటాడుగా?”

“రెండో అంతస్తు.”

“అత్తయ్యని మిషన్ మీద పడుకోబెట్టాక నన్ను పైకి తీసుకెళ్ళు. గుమ్మాల మీద బోర్డులు చదవలేను. మీ అక్క అడిగితే మాత్రం, బండి చప్పుడు వినడానికి వచ్చానని చెప్పు.”