ఖాళీ జాగా ఆట

తడిపి పిండిన బొరుగులు ఉల్లిపాయ పోపులో పడగానే ఒక వాసన లేస్తుంది. దాని వెనకే పుట్నాల పొడి కమ్మదనం, పక్క బాణలిలో వేగుతున్న మిరపకాయ బజ్జీల ఘాటు. ఈ ఉదయం పెనుకొండలో కల్యాణ మండపం మెట్లెక్కుతుంటే వంటశాల వైపు నుంచి ఆ ఉగ్గాణి వాసన వచ్చింది. నేను మెట్ల మీదే నిలబడిపోయాను. పక్కనే నడుస్తున్న మా కోచ్ శిరీష అదేమీ పట్టించుకోకుండా, ఈసారి మనకు ఎలాగైనా మంచి ఫార్వర్డ్ దొరకాలి, మొదటి వంతు కోసం ఎవరితో మాట్లాడదాం అని గుక్క తిప్పుకోకుండా అడుగుతోంది. ముందు తిందాం, తర్వాత మాట్లాడదాం అన్నాను. అన్న తర్వాత నాకే నవ్వొచ్చింది. మాట నాది కాదు, సరోజమ్మ మేడంది.

మా సంగతి తెలియనివారికి కాస్త చెప్పాలి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, కదిరి ఊళ్లకు జీతమిచ్చి ఆడించే ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్లు ఉన్నాయి. ప్రతి సీజన్‌కూ ముందు, కొత్తగా ఆడటానికి వచ్చిన అమ్మాయిలను ఒకచోట చేర్చి, జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. దాన్నే డ్రాఫ్టు అంటాం. పోయినసారి అట్టడుగున నిలిచిన జట్టుకు మొదటి వంతు, గెలిచిన జట్టుకు ఆఖరి వంతు. వేలంపాట లేదు. కానీ వంతులు మార్చుకోవచ్చు, ఆ మార్పుకు బదులుగా తమ దగ్గరున్న ఆటగత్తెను ఇవ్వవచ్చు. ఆ మాటలన్నీ డ్రాఫ్టు రోజు పొద్దున, టిఫిన్ దగ్గర జరుగుతాయి. ఇప్పుడు నేను ధర్మవరం జట్టు మేనేజర్‌ని. ఒకప్పుడు అలాంటి టిఫిన్ దగ్గరే నన్ను ఒక జట్టు ఇచ్చేసింది, ఇంకో జట్టు తీసుకుంది.

సరోజమ్మ మేడం అప్పట్లో హిందూపురం జట్టు మేనేజర్. డ్రిల్ టీచరుగా రిటైరై, పరిగిలో సొంత పొలం చూసుకుంటూ ఉంటే, జట్టు పెట్టిన పెద్దలు వెళ్లి బతిమాలి తీసుకొచ్చారట. గంజి పెట్టిన నేత చీర, కాళ్లకు తెల్ల కాన్వాస్ బూట్లు, మెడలో ఈల, చేతిసంచిలో వేయించిన శనక్కాయలు. ఆట బాగా సాగుతుంటే మేడం శనక్కాయలు నములుతూ ఉండేవారు. నమలడం ఆగిందంటే మాకు గుండె జారేది. కోపం వస్తే కన్నడంలో తిట్టేవారు, ముద్దు వస్తే తెలుగులో. మాలో కన్నడం రాని పెనుకొండ పిల్లలం తిట్లు అర్థంకాక హాయిగా ఉండేవాళ్లం. అది కూడా ఆమె తెలిసి చేసిందేనేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

నేను డ్రాఫ్టుకు వచ్చిన ఏడాది నన్ను అందరికన్నా ఆఖర్న తీసుకున్నారు. నేను గోల్‌కీపర్‌ని. పరీక్ష ఆటలో బాగానే గోల్సు తిన్నాను. మా నాయన మెట్ట చేలో శనక్కాయ వేసే మనిషి, బిడ్డను ఎవరో ఒకరు తీసుకున్నారు చాలని సంబరపడ్డాడు. నాకు మాత్రం మనసు ఊరుకోలేదు. నన్నెందుకు తీసుకున్నారని మేడంనే అడిగాను.

"గోలు పడినాక కీపర్లందరూ ముందరున్నోళ్లను తిడతారు. నువ్వు పొయ్యి వల లోపల్నుంచి బాలు తెచ్చి నడిమికి ఇసిరినావు. అది చూసినా" అన్నారు. ఆ మాట నన్ను చాలాకాలం నిలబెట్టింది. నిలబెట్టడం మాటకే, నిజానికి నేను కూర్చునే ఉన్నాను. హిందూపురం జట్టుకు అప్పటికే పద్మ అనే గోల్‌కీపర్ ఉంది. లీగంతా వెతికినా ఆమెను మించినవాళ్లు లేరు. ఇనప గుండులాంటి ఆరోగ్యం, ఆమెకు జలుబు కూడా చేసేది కాదు. రెండు సీజన్లు నేను బెంచీ మీదే గడిపాను. ఒకసారి మా నాయన ముచ్చటపడి మ్యాచ్ చూడటానికి వచ్చాడు. ఆట అయిపోయాక నా దగ్గరికొచ్చి, ఏమనాలో తోచక, "నీకు నీడ పట్టున మంచి జాగా ఇచ్చినారు మా" అన్నాడు. నవ్వానుగానీ ఆ పూట అన్నం సయించలేదు. నాకు ఆడాలని ఉంది. ఇంకో ఏడు ఇలాగే గడిస్తే నాయన దగ్గరకు, చేనులోకి తిరిగి వెళ్లిపోవడమేనని నాకు తెలుసు.

ఆ ఏడు మా జట్టు మూడో వంతులో ఉంది. గోల్సు సరిగా పడక చాలా మ్యాచ్‌లు పోగొట్టుకున్నాం. కొత్తగా వచ్చిన పిల్లల్లో ఒక ఫార్వర్డ్ పేరు మారుమోగిపోతోంది. ఆమెను తెచ్చుకోవాల్సిందేనని హిందూపురంలో టీ కొట్ల దగ్గర, పట్టుగూళ్ల మార్కెట్‌లో అందరూ అనేవారు, చివరికి బెంగళూరు బస్సు కండక్టరు కూడా మాకు చెప్పేవాడు. మేడం ఎవరికీ ఎదురు చెప్పలేదు. మమ్మల్ని బడి మైదానానికి పిలిపించి ఖాళీ జాగా ఆట పెట్టారు.

ఆ ఆట ఆమె సొంతం. డ్రాఫ్టుకు ముందు మగపిల్లల జట్టునొకదాన్ని తెచ్చి మాతో ఆడించేవారు. వాళ్లు పదకొండు మంది, మేం పదిమంది. ఒక జాగా ఖాళీ. ఆ ఖాళీ కాసేపు ముందు, కాసేపు నడుమ, కాసేపు వెనక. అందరూ కలిసి ఆడుతుంటే కొరత ఎక్కడుందో కనిపించదని, ఎక్కడ మనిషి లేకపోతే జట్టు కుంటుతుందో అక్కడే కొరత అని ఆమె లెక్క. ఆ రోజు ముందు ఫార్వర్డ్‌ను తీసేశారు. అయినా మా వాళ్లు ఎలాగో ఒక గోల్ కొట్టారు. తర్వాత లెఫ్ట్ బ్యాక్‌ను తీసేశారు. అప్పుడు తేలింది ఒక విచిత్రం, ఆటలో ఏ తేడా రాలేదు. ఆ జాగాలో మనిషి ఉన్నా లేనట్టే ఇన్నాళ్లూ ఆడామన్నమాట. ఎడమ పక్క నుంచి ముందుకు బంతి వచ్చిందే లేదు. బంతి రాని ఫార్వర్డ్ గోల్ ఎలా కొడుతుంది? మేడం శనక్కాయలు నమలడం ఆపి, ఇంకోటి నోట్లో వేసుకున్నారు.

ఆఖర్న పద్మను బయటికి పిలిచారు. నేను ఎగిరి లేచి గ్లౌజులు తొడుక్కుంటుంటే, "నువ్వు కూసో మే" అన్నారు. ఆ ఖాళీ కూడా ఖాళీగానే ఉంచారు. గోల్‌లో ఎవరూ లేరు. మగపిల్లలు పండగే అనుకున్నారు. నాకు కూర్చోబుద్ధి కాలేదు. గీత పక్కన అటూ ఇటూ పరిగెత్తుతూ అరవడం మొదలుపెట్టాను. వెనక చూడు, కుడికి జరుగు, వదిలెయ్, ఇప్పుడు అడ్డం పో అని ఒక్కొక్కరినీ పేరు పెట్టి అరిచాను. రెండేళ్లు పక్కన కూర్చుని చూసిన ఆటంతా గొంతులోంచి ఊడిపడింది. మేడం ఈల వేసేసరికి నా గొంతు పోయింది. కానీ మనిషి లేని ఆ గోల్‌లోకి ఒక్క బంతి పడలేదు. మేడం నావైపు ఒకసారి చూశారు. పద్మ వచ్చి నా వీపు మీద గట్టిగా ఒకటి చరిచింది.

డ్రాఫ్టు ఆ ఏడు హిందూపురంలోనే. పొద్దున మేడం నన్ను కూడా టిఫిన్‌కు రమ్మన్నారు, ఎందుకో చెప్పలేదు. ధర్మవరం జట్టు మేనేజర్ మల్లికార్జునప్ప వచ్చి కూర్చున్నాడు. పట్టుచీరల వ్యాపారి. అందరికంటే అడుగున నిలిచారు కాబట్టి మొదటి వంతు వాళ్లది. కూర్చోగానే ఆయన బేరం ఎత్తబోతే మేడం పళ్లెం ముందుకు తోసి తినమన్నారు. ఆకలితో సంతకు పోతే ప్రతిదీ కావాలనిపిస్తుంది, కడుపు నిండాక ఏది కావాలో తెలుస్తుంది అని ఆమె నమ్మకం. పళ్లేలు ఖాళీ అయ్యేదాకా వానల గురించే మాట్లాడారు.

చేతులు కడిగాక ఆమె సూటిగా చెప్పారు. నంబులపూలకుంట నుంచి వచ్చిన ఓబులమ్మ అనే లెఫ్ట్ బ్యాక్ తమకు కావాలి. రెండో వంతు పెనుకొండది, వాళ్ల కన్ను కూడా ఆ పిల్ల మీదే ఉంది, కనుక మొదటి వంతు తమకిచ్చి మూడోది తీసుకోమన్నారు. మల్లికార్జునప్ప అయితే పద్మను ఇవ్వమన్నాడు. ఇవ్వనన్నారు. మరి ఫార్వర్డ్‌ను వదులుకుని తానేం చేసుకోవాలని ఆయన అడిగాడు. ఆ ఫార్వర్డ్ వచ్చినా ఒకటి కొడతారు నాలుగు తింటారని, ఈ ఏడు కొత్తవాళ్లలో గోల్‌కీపరే లేదని గుర్తుచేసి, మేడం చెయ్యి నావైపు చూపించారు. బజ్జీ నా నోట్లోనే ఉండిపోయింది.

"బెంచీ మీద పిల్లనా ఇచ్చేది?" అన్నాడాయన.

"బెంచీ మీద కూసోబెట్టింది నేనప్పా. ఆ పిల్ల యాడ కూసునింది? నీ ఎనక ఆడే పిల్లోళ్లు మంచోళ్లే, ఒకరితో ఒకరు మాట్లాడరు. నీకు చేతులు గావల్ల అనుకుంటాండావు. నోరు గావల్ల."

ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత, ఒకసారి అరిచి చూపించు మా అన్నాడు నాతో. అంతమంది వంటవాళ్ల ముందు నేను అరిచాను. గరిట కింద పడేసింది ఎవరో. మల్లికార్జునప్ప పగలబడి నవ్వి సరేనన్నాడు.

నాకు నవ్వు రాలేదు. పెరట్లోకి పోయి ఏడ్చాను. నన్ను అడగనైనా అడగలేదే అని ఉక్రోషం. మేడం వెనకే వచ్చారు. నేనేం తప్పు చేశాను, నన్నెందుకు పంపించేస్తున్నారని అడిగాను.

"తప్పు చేసింటే ఈడ్నే పెట్టుకుంటాంటి, దిద్దుకోడానికి" అన్నారు. చేతిసంచి విప్పుతూ, "పద్మ ఉన్నన్నాళ్లూ ఈడ నీకు జాగా లేదు. ఆడ జాగా ఖాళీగా ఉండాది. జట్టుకు ఎవురు గావల్లో చూసేది సగం పనే మే. పిల్లకు ఏ జట్టు గావల్లో చూసేది మిగతా సగం" అన్నారు. చేతిసంచిలోని శనక్కాయలన్నీ నా కొంగులో పోశారు.

మధ్యాహ్నం మొదటి వంతులో ఆమె ఓబులమ్మ పేరు చెప్పగానే హాలంతా గొల్లుమంది. ఫార్వర్డ్‌ను పెనుకొండ ఎగరేసుకుపోయింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని హిందూపురంలో ఆమెను దెప్పనివారు లేరు. ఈ సీజన్ పోతే మేడంను తీసేస్తామని జట్టు పెద్దలు మొహం మీదే అన్నారట. నా మీద, ఓబులమ్మ మీద ఆమె తన పేరు మొత్తం పెట్టేశారని నాకు అప్పుడుగానీ అర్థం కాలేదు.

ధర్మవరంలో మగ్గాలున్న ఒక ఇంట్లో గది తీసుకున్నాను. పక్కగదిలో పడుకునే ఆ ఇంటి అవ్వ, నేను నిద్రలో కూడా "కుడికి జరుగు" అని అరుస్తున్నానని, ముసలిదాన్ని తాను యాడికని జరిగేదని ఊరంతా చెప్పుకుని నవ్వేది. మా జట్టులో వెనక వరసలో ఆడే పిల్లలు మొదట నా అరుపులకు చిరాకుపడ్డారు, తర్వాత ఎదురు అరిచారు, ఆ తర్వాత ఒకరితో ఒకరు అరుచుకోవడం నేర్చారు. గోల్సు తినడం తగ్గింది. అడుగున ఉండే జట్టు మెల్లగా పైకి లేచింది. మా నాయన ఇంకోసారి వచ్చి ఎండలో నిలబడి చూశాడు. "ఈడ నీడ లేదు మా" అన్నాడు, మొహమంతా నవ్వుతో.

సీజన్ ఆఖర్లో పెనుకొండ మైదానంలో హిందూపురంతో మ్యాచ్. గెలిచినవాళ్లకు లీగు కప్పు. అంత ఒత్తిడిలోనూ నాకు ఒళ్లంతా ఆనందంగా ఉంది. ఒకసారి దగ్గర్నుంచి తన్నిన బంతిని నేలమీద పడి వేళ్ల కొసలతో బయటికి నెట్టాను. గోల్ పడిందని ఎగిరిన హిందూపురం జనం ఉసూరుమన్నారు. వాళ్ల బెంచీ దగ్గర మాత్రం ఒక మనిషి లేచి చప్పట్లు కొడుతోంది. గంజి చీర, కాన్వాస్ బూట్లు. ఎవరి పక్క మేడం మీరు అని వెనకనుంచి ఎవరో కసిరారు. "ఇచ్చిన సరుకు మంచిదేనా అని చూసుకుంటాండా" అన్నారామె వెనక్కి తిరక్కుండానే. తర్వాత ఆ మాట చెప్పి పద్మ పడీపడీ నవ్వింది.

ఆట ముగుస్తుందనగా ఓబులమ్మ ఎడమ గీత వెంట గాలిలా వచ్చింది. ఆమె కొట్టిన బంతి నా తల మీదుగా అడ్డంగా పోయి, అవతల ఉన్న వాళ్ల పిల్ల తలకు తగిలి వలలో పడింది. కప్పు వాళ్లది. మా పిల్లలు మట్టిలో కూలబడ్డారు. నేను వల లోపలికి పోయి బంతి తీసుకొచ్చి నడిమికి విసిరాను, ఇంకా ఆట ఉంది లేవండి అన్నాను. విసురుతూ అటు చూస్తే మేడం చప్పట్లు ఆపేసి కొంగుతో కళ్లు తుడుచుకుంటున్నారు. ఓడిపోయిన రోజు అంత సంతోషంగా ఉండటం నా జీవితంలో అదొక్కసారే.

మేడం ఇప్పుడు లేరు. ఆమె ఈల నా మెడలో ఉంది, పద్మ తెచ్చి ఇచ్చింది. పోయిన వారం మా పిల్లలతో ఖాళీ జాగా ఆట ఆడించాను. మా కొరత ఫార్వర్డ్ కాదు, నడుమ ఉంది. పెనుకొండ దగ్గరున్న మొదటి వంతు మాకు కావాలి. వాళ్లకేమో కుడిపక్క ఆడే పిల్ల లేదు. నా దగ్గర కీర్తన ఉంది, ఆ జాగాలోనే ఆడుతుంది, కానీ తనకన్నా మంచి ఆటగత్తె వెనక ఉండిపోయి ఎప్పుడూ బెంచీ మీదే. ఒక్క విషయంలో మాత్రం నేను మేడం దారి వదిలేశాను. నిన్న సాయంత్రం కీర్తనను పక్కకు పిలిచి ముందే అడిగాను. పోవడం ఇష్టం లేకపోతే వంతు మార్చనని కూడా చెప్పాను. ఆ పిల్ల తలవంచుకుని చాలాసేపు బూటు లేసు ముడి వేసి విప్పింది.

"పోతా మేడం" అంది చివరికి. "మీతో మ్యాచ్ ఉన్న రోజు మాత్రం మీరు లేసి నాకు చప్పట్లు కొట్టల్ల."

పళ్లేలు ఖాళీ అయ్యాయి. పెనుకొండ మేనేజర్ చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుని, "ఇంగ చెప్పక్కా, ఎవర్ని ఇస్తాండావు?" అని అడిగాడు. మెడలోని ఈలను ఒకసారి పట్టుకుని, కీర్తన పేరు చెప్పాను.