సీసం గోడలో ఒక కొత్త ఇటుక

ఆ ప్రయోగశాలలో పెద్ద చదువులు చదివినవాళ్ళు నూట పాతికమంది దాకా ఉంటారు. గోడ కట్టడం వచ్చినవాడు మాత్రం ఒక్కడే. అందరూ అతణ్ణి మేస్త్రి బాబాయ్ అంటారు. తనకంటే పదేళ్ళు పెద్దయిన డైరెక్టరుగారు కూడా బాబాయ్ అనే పిలుస్తారు. ఇదేం వరసో మేస్త్రికి తెలియదు కానీ పలుకుతాడు.

కొండ లోపల, లిఫ్టులో ఏడు నిమిషాలు దిగితే వచ్చే పెద్ద గదిలో అతని పని. సిమెంటు లేదు, ఇసుక లేదు, నీళ్ళు అసలే లేవు. ఒక్కొక్కటి పదకొండు కిలోలు తూగే సీసం ఇటుకల్ని స్పిరిటుతో తుడిచి, చేతులకు తొడుగులు వేసుకుని, అతుకు మీద అతుకు పడకుండా పేర్చాలి. అలా పేర్చిన గోడలు ఐదు, ఒక్కోదాని మధ్య ఒక్కో రకం పనికి డబ్బాలాంటి యంత్రం ఉంటుంది. ఆకాశం నుంచి వచ్చే ఏదో కణం కొండంతా దాటుకుని వచ్చి వాటిలో ఒకదానికి తగలాలట. తగిలితే లోకం తలకిందులవుతుందట. పంతొమ్మిదేళ్ళుగా ఆ కణం జాడే లేదు. చుట్టుపక్కల మట్టీ మశానం వల్ల పడే చిల్లర దెబ్బలు రోజుకు రెండు, అంతే. అయినా ఏటా "ఈసారీ ఏమీ దొరకలేదు" అని రాసి, అచ్చు వేయించి, కేకు కోసుకుంటారు. ఏమీ దొరకనందుకు కేకెందుకో మేస్త్రికి ఇప్పటికీ అంతుపట్టదు. తన వంతు ముక్క మాత్రం వదలడు.

పనిలో చేరిన రోజు అతనికి చెప్పింది ఒక్క మాట: లోపలి వరసకు పాత సీసం, బయటి వరసలకు కొత్త సీసం. పాతదంటే మూడు వందల ఏళ్ళనాటి ఏదో భవనం కప్పు విప్పి, కరిగించి పోసిన ఇటుకలు. నల్లగా, మొరటుగా ఉంటాయి. ఎందుకలా అని అతను అడగలేదు. అడగడానికేముంది? తండ్రి దగ్గర తాపీ పట్టిన నాటి నుంచీ చూస్తున్నదే. ఇల్లు కట్టించుకునేవాళ్ళంతా కూల్చిన గోడ ఇటుకల్ని లోపల సర్దేసి, కొత్తవాటిని నలుగురికీ కనిపించే వైపు పెట్టమంటారు. ఎంత చదివినా పీనాసితనం పోదు కాబోలు అని లోలోపల నవ్వుకున్నాడు.

పోయిన ఏడాది ఆ యంత్రం చుట్టూ ఉన్న గోడ విప్పి మళ్ళీ కడుతుంటే పాత ఇటుక ఒకటి చేజారి మూల విరిగింది. దాన్నే పెడితే సందు పడుతుంది. సందున్న గోడ అతని చేతి కింద ఏనాడూ లేవలేదు. బయటి గుట్టలోంచి తళతళలాడే కొత్త ఇటుక తెచ్చి ఆ చోట పెట్టాడు. అతికినట్టు కూర్చుంది. పాపం, యంత్రానికి ఒక్కటైనా మంచి ఇటుక దక్కిందని మురిసిపోయాడు కూడా.

ఇప్పుడు ఆ యంత్రంలో ఏదో కనిపిస్తోంది.

దాన్ని చూసింది డాక్టరమ్మ. ముప్ఫై దాటిన మనిషి, ఆరేళ్ళుగా ఆ ఒక్క యంత్రాన్నే కనిపెట్టుకుని ఉంది. రోజుకు రెండు దెబ్బలు పడే చోట ఐదు పడుతున్నాయి. శుక్రవారం పెద్దలందరి ముందూ ప్రకటించబోతోంది. సోమవారం టీ గదిలో ఆమె కాళ్ళు నేలమీద నిలవలేదు.

"అన్నీ చూశాం బాబాయ్. రాయి కాదు, దుమ్ము కాదు, మా చెమట కూడా కాదు. లోపలి సీసమంటావా, ఎప్పటిదో! దాని కాక ఏనాడో చల్లారిపోయింది."

"సీసానికి కాకేంటమ్మా?"

"కొత్త సీసంలో కొంచెం రేడియోధార్మికత ఉంటుంది. అది అణగాలంటే వందా రెండొందల ఏళ్ళు పడుతుంది. అందుకే కదా లోపల పాతది పెట్టించేది!"

మేస్త్రి చేతిలో కప్పు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

"పొరపాటున కొత్తది ఒకటి లోపల పడితే?"

"నువ్వుండగా ఎందుకు పడుతుంది బాబాయ్!" అని నవ్వుతూ వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంటికి వచ్చి, కుట్టుమిషను ముందు కూర్చున్న భార్యకు అంతా చెప్పాడు.

"అన్ని వందల ఇటుకల్లో ఒక్కదానికే అంతుంటుందా అండీ?" అందావిడ సూదిలో దారం ఎక్కిస్తూ.

"అదే తెలీదే. ఉండొచ్చు, ఉండకపోవచ్చు."

"అయితే ఊరుకోండి. ఎవరూ అడగకముందే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోవడం దేనికి? ఆరేళ్ళ కష్టం, ఆ పిల్లని సంతోషపడనివ్వండి." దారం ఎక్కాక తనే మళ్ళీ అంది. "కానీ, రేపెవరైనా గోడ విప్పి చూస్తే ఆ పిల్ల ముఖం ఎక్కడ పెట్టుకుంటుందండీ?"

చెబితే ఆ పిల్ల నోటి దగ్గర కూడు లాగేసినట్టు. చెప్పకపోతే రేపు నలుగురిలో తలవంపులు తెచ్చినట్టు. పోనీ, ఆ దెబ్బలు నిజంగా ఆకాశం నుంచే వస్తుంటే? ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. అతనికి ఏది నుయ్యో ఏది గొయ్యో కూడా తెలియలేదు. మర్నాడు చొక్కా బొత్తాలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని అలాగే పనికి వెళ్ళాడు.

లిఫ్టు దిగుతుండగా చెప్పేశాడు. చెప్పడానికి మూడు నిమిషాలు పట్టింది. మిగతా నాలుగు నిమిషాలూ ఆమె లిఫ్టు గోడ మీద వేలితో ఏవో లెక్కలు వేస్తూనే ఉంది. తలుపు తెరుచుకున్నాక ఒక్కటే అడిగింది.

"ఏ వరస?"

"కింద నుంచి మూడోది. ఎడమ మూల నుంచి రెండో ఇటుక."

శుక్రవారం సభ ఆపేశారు. గోడ విప్పి, ఆ ఇటుక తీసి, మళ్ళీ కట్టడానికి నాలుగు రోజులు పట్టింది. తర్వాత మూడు వారాలు ఎదురుచూపులు. ఐదే ఉండాలి దేవుడా, తప్పు నాది కాకూడదు అని మేస్త్రి లెక్కలేనన్నిసార్లు మొక్కుకున్నాడు.

"రెండు, బాబాయ్," అంది డాక్టరమ్మ ఇరవై రెండో రోజున.

డైరెక్టరుగారు వచ్చి "మన పరువు కాపాడావు బాబాయ్" అని అతని చెయ్యి పట్టుకుని ఊపారు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. గోడ పాడుచేసినందుకు చప్పట్లేమిటో అతనికి అర్థం కాలేదు. అందరూ వెళ్ళాక, ఒంటరిగా కూర్చున్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"నాలుగు తిట్టమ్మా, పడతాను."

"నువ్వేం చేశావు బాబాయ్? పంతొమ్మిదేళ్ళలో లోపల పాతదే ఎందుకు పెట్టాలో మాలో ఒక్కళ్ళం కూడా చెప్పలేదు. నువ్వూ అడగలేదు." ఆమె కళ్ళు నిండాయి. "ఇంకో వారం ఆగి చెప్పుంటే... వద్దులే." తల ఎత్తి చుట్టూ చూసింది. ఆ గదిలోనే మిగతా నాలుగు యంత్రాలు, వాటి చుట్టూ నాలుగు సీసం గోడలు ఉన్నాయి. "అవన్నీ నువ్వు కట్టినవే కదా?"

"నేనేనమ్మా."

"వాటిల్లో కూడా ఎక్కడైనా పెట్టావా?"

లేదమ్మా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎన్నేళ్ళ పని, ఎన్ని వేల ఇటుకలు. ఎక్కడ అంచు విరిగిందో, ఎక్కడ ముచ్చటపడి కొత్తది సర్దాడో వెతుక్కున్నాడు. పెట్టినట్టే అనిపించింది. పెట్టనట్టూ అనిపించింది. తన చేత్తో కట్టిన గోడలో ఏముందో తనకే తెలియకపోవడం అతనికి పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు.

"గుర్తు లేదమ్మా," అన్నాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని లేచింది. ఒక జత తొడుగులు అతని చేతికిచ్చి, తనూ ఒక జత వేసుకుని, దగ్గరలో ఉన్న గోడ వైపు నడిచింది.