థాడియస్ ఊదని ఎనిమిది ఆవర్తనాలు

మా ఆయన థాడియస్ గ్రిమ్స్ ముప్పై ఏళ్లు ట్రాంబోన్ అనే, గొట్టం జరుపుతూ వాయించే ఇత్తడి బూర ఊదాడు. ఆయన ఒంటరిగా ఊదింది ఒక్క రికార్డులోకీ ఎక్కలేదు. తప్పెవరిదని నన్నడగకండి, అడిగితే సాయంత్రం దాకా వదలను.

సెడేలియా అనే ఊళ్లో చర్చి బ్యాండులో నేర్చుకున్నాడు. గొట్టంలో నీటిబొట్టు ఉంచుకుని ఊదడం కడగని పళ్లెంలో వడ్డించడమేనని అక్కడి ముసలి గురువు నూరిపోశాడు. ఊదేవాడి ఊపిరి లోపల నీరై చేరుతుంది, దాన్ని మీట నొక్కి వదలాలి. అందరూ వదులుతారు. ఈయన చివరి బొట్టు రాలేదాకా వంగి చూస్తూ కూర్చుంటాడు.

1936లో హోబర్ట్ లైల్స్ బ్యాండును షికాగోకు రికార్డు చేయడానికి పిలిచారు. మూడు నిమిషాల పాటలో ఎనిమిది ఆవర్తనాలు అచ్చంగా మా ఆయనవి. కాన్సాస్ సిటీలోని మా వంటింట్లో నెలరోజులు అవే ఊది నా బుర్ర తినేశాడు.

"మూడో ఆవర్తనం మళ్లీ ఆలస్యంగా అందుకున్నావయ్యా!"

"తొందరేముందే, ఆర్డెల్లా?"

"నీకు లేదు. పాటకుంది."

"నేను పోయినా ఇది మోగుతుందే," అన్నాడు.

షికాగోలో రికార్డింగు మొదలైందని ఎర్రదీపం వెలిగింది, పాట సాగింది, ఆయన వంతు వచ్చింది. ఆయన వంగి నీళ్లు వదులుతున్నాడు! ఎనిమిది ఆవర్తనాలూ పియానో, డ్రమ్ములు తప్ప ఇంకేమీ లేకుండా పోయాయి. మళ్లీ చేద్దామంటే, ఆ ఖాళీ కొత్తగా ఉంది, అలాగే ఉండనివ్వండి అన్నాడట కంపెనీవాడు.

అక్కడితో పోయినా బాగుండేది. ఆ రికార్డు విని, డాన్సుకొచ్చే జనం ఆ ఖాళీలో నేల అదిరేలా కాళ్లతో తాళం వేయడం మొదలుపెట్టారు. దాంతో హోబర్ట్, "నువ్వు ఊదితే వాళ్లెప్పుడు తొక్కుతారు, థాడ్? ఊరికే లేచి నిలబడు చాలు," అన్నాడు. పద్నాలుగేళ్లు ఈ మహానుభావుడు రోజూ లేచాడు, నిలబడ్డాడు, కూర్చున్నాడు.

"వేరే బ్యాండు చూసుకోరాదూ?" అని పోరాను.

"హోబర్ట్ మంచివాడే," అనేవాడు. ఒళ్లు మండేది.

చివరికి ముందు పళ్లు కదిలి, ఊదడమే కష్టమైంది. ఆయన మానేసే రోజు హోబర్ట్, "ఇవాళ ఆ ఖాళీ నీదే థాడ్, ఊదు," అన్నాడు. నేను ముందు వరసలో కూర్చున్నాను. వంతు వచ్చేసరికి ఆయన చెయ్యి మీట మీదికి పోయింది.

"నీళ్లు తర్వాత వదులుదువుగాని, ముందు ఊదు!" అని అరిచాను.

ఊదాడు. అలవాటైన జనం అదే క్షణాన దడదడా తొక్కారు. ఆయన బుగ్గలు ఉబ్బడం, గొట్టం ముందుకూ వెనక్కూ జరగడం కనిపించాయి. ఒక్క స్వరం వినపడితే ఒట్టు. నాకు ఏడుపొచ్చింది.

ట్రామ్‌లో ఇంటికొస్తూ, వాద్యం పెట్టె ఒళ్లో పెట్టుకుని మెల్లగా అడిగాడు.

"ఎవరికైనా వినపడి ఉంటుందంటావా?"

నాకూ వినపడలేదు. కానీ ఆ గొట్టం ఎప్పుడు ఎక్కడికి జరగాలో నాకు తెలియనిదా?

"మూడో ఆవర్తనం మళ్లీ ఆలస్యంగా అందుకున్నావు," అన్నాను.

ఇల్లు చేరేదాకా నా చెయ్యి వదల్లేదు.