ఎర్రగుడ్డ కట్టిన చెంబు

ఒట్టు వేయమంటారా? మా పెద్దమ్మాయి మీద వేస్తాను. పిల్లల మీద ఒట్లు వేసే అలవాటు నాకు లేదు. కానీ ఇది దాని ప్రాణం సంగతి కాబట్టి దాని మీదే వేస్తున్నాను. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది లేదు. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి... కాకపోతే చివరిదాకా విని నవ్వండి.

తుంగభద్ర కాలవ కొత్తగా వచ్చిన రోజులు. తెనాలి వైపు నుంచి మావాళ్ళంతా ఉన్న కాస్త పొలం అమ్ముకుని రాయచూరు జిల్లాకి కట్టగట్టుకుని వెళుతున్నారు. మా ఆడపడుచు, ఆవిడ భర్త ఏడాది ముందే వెళ్ళి మాన్వి అవతల గుడిసె వేసుకున్నారు. 'కాలవ పక్కనే మనవాళ్ళ గుడిసెలన్నీ కలిపి ఒక క్యాంపు, వచ్చెయ్యండి' అని ఉత్తరం రాశారు. రైలెక్కితే ఎద్దులెలా వస్తాయి? అందుకని బండి కట్టాం. నేను, మావారు, పదకొండు నెలల మా పెద్దమ్మాయి చిట్టి. పద్దెనిమిది రోజుల ప్రయాణం.

బయల్దేరేటప్పుడు మా అత్తగారు ఒక రాగి చెంబు నా చేతిలో పెట్టింది. అందులో మా ఇంటి ముందు కాలవ నీళ్ళు. మెడదాకా నింపి, మూత పెట్టి, చుట్టూ పిండి మెత్తి, పైన ఎర్రగుడ్డ కట్టి ముడి వేసింది.

"కొత్తింట్లో పాలు పొంగించేటప్పుడు ఈ నీళ్ళు నాలుగు చుక్కలు పొయ్యమ్మాయ్. అందాకా ముడి విప్పమాక. నేల మీద పెట్టమాక."

పద్దెనిమిది రోజులూ ఆ చెంబు నా ఒళ్ళోనో, బండి గూడుకి కట్టిన ఉట్టిలోనో ఉంది. నేల తగలనివ్వలేదు.

కర్నూలు దాటాక చిట్టికి నీళ్ళు పడలేదు. విరేచనాలు పట్టుకున్నాయి. ఏ చెట్టు కింద ఆగితే అక్కడ గుడ్డలు ఉతుక్కోవడమే నా పని. తుంగభద్ర ఇసకలో దాటి ఇవతలికి వచ్చేసరికి పిల్ల ఏడవడం కూడా మానేసింది. ఏడ్చే పిల్లని చూస్తే విసుగొస్తుందంటారు గానీ... ఏడవని పిల్లని ఒళ్ళో పెట్టుకు కూర్చుంటే తెలుస్తుంది. దాని నోరు ఎండిపోకుండా చెంచాతో నీళ్ళు పోస్తూనే ఉండాలి. క్యాంపు చేరితే మా ఆడపడుచు ఉంటుంది, మందుంటుంది, మనుషులుంటారు. ఆ ఒక్క ఆశ మీద వస్తున్నాం.

మాన్వి దాటాక మొదటిసారి కాలవ కనిపించింది. ఎండాకాలం కదా, చుక్క నీరు లేదు. అయినా మావారి మొహం చూడాలి! పుట్టింటికి వచ్చినట్టు మొహం వెలిగిపోయింది. అక్కడ మేకలు తోలుకుంటున్న ఒక ముసలాయన్ని దారి అడిగాం. ఆయన చేతికర్రతో దూరంగా బండ్ల బాట చూపించాడు.

"గా బండ్ల బాట పట్టి పోండ్రి. జర దూరమైతది, గని నడుమ ఊర్లుంటయి, బావులుంటయి. గట్టు మీద మాత్రం పోకుండ్రి. ఆడ మనిషి లేడు, నీళ్ళు లేవు."

మావారు తలూపారు. ఆయన అటు తిరగ్గానే బండిని గట్టెక్కించారు.

"ఏవండీ, ఆయన వద్దన్నాడు కదా?"

"వాడికేం తెలుసే కాలవల సంగతి? కాలవ గట్టు పట్టుకుంటే ఊరు రాకుండా పోద్దా?"

నేనూ ఒప్పుకున్నాను. తప్పు ఆయన ఒక్కరి మీదే నెట్టను. మా డెల్టాలో పుట్టినవాళ్ళు ఎవరైనా ఆ పనే చేస్తారు. మాకు కాలవంటేనే ఊరు. గట్టు మీద మైలు నడిస్తే ఒక రేవు, రెండు బియ్యం మిల్లులు, పది మంది మనుషులు. కానీ ఇక్కడ ఊళ్ళు ఎప్పుడో పుట్టాయి, కాలవ నిన్న మొన్న వచ్చింది. ఊళ్ళు దాన్ని చూసి కట్టినవి కావు. అది మాకు ఎలా తెలుస్తుంది?

రెండు మైళ్ళు పోయాం. ఊరు లేదు. నాలుగు మైళ్ళు... లేదు. ఒక చోట చక్రం రాయెక్కి దిగింది. బండి కింద కట్టిన నీళ్ళ కుండ 'ఠప్' మంది. అంతే. ఆ నల్లమట్టి మా నీళ్ళన్నీ ఒక్క గుటకలో తాగేసింది.

పొద్దు గుంకింది. అమావాస్య దగ్గర పడింది, వెన్నెల లేదు. చిట్టి పెదాలు పొలుసులు కట్టాయి. దాని నోట్లో వేలు పెడితే తడి తగల్లేదు. వెనక్కి తిరగాలంటే మాన్వి దూరం. ముందుకి ఎంతో తెలియదు. నాకు ఏడుపు రావడం లేదు. మావారు ఎద్దుల్ని తిట్టడం మొదలుపెట్టారు. ఆయన ఎద్దుల్ని ఎన్నడూ తిట్టి ఎరగరు.

అప్పుడు వినిపించింది.

ధన్...

కాసేపు ఏమీ లేదు.

ధన్... ధన్...

గడ్డపార రాతి మీద పడితే వచ్చే చప్పుడు. కింద, మా వెనక వైపు కాలవలోంచి. ఆ తర్వాత తట్టెడు మట్టి కుమ్మరించినట్టు 'సర్ర్' మని. ఇద్దరం విన్నాం. ఇది నాకొక్కదానికే వినిపించిన చప్పుడు కాదు, గుర్తుపెట్టుకోండి.

"కాలవ పనోళ్ళే! ఎండకి పగలు చెయ్యలేక రాత్రి చేస్తున్నట్టున్నారు. వాళ్ళకాడ నీళ్ళుంటయ్యే!" అంటూ మావారు లాంతరు పట్టుకుని గట్టు దిగిపోయారు.

లాంతరు వెలుగు కాలవలో మేం వచ్చిన వైపుకి ఊగుతూ వెళ్ళింది... చిన్నదైంది... మలుపు తిరిగింది. చీకటి.

చప్పుడు ఆగిపోయింది.

ఎంతసేపు కూర్చున్నానో చెప్పలేను. చిట్టి ఊపిరి వినడానికి చెవి దాని నోటి దగ్గర పెట్టుకున్నాను. ఒక ఊపిరి. ఇంకొకటి. ఆ తర్వాతది రావడానికి ఆలస్యమైంది. ఇంక నా వల్ల కాలేదు. అత్తగారి మాట లేదు, పాలు పొంగేది లేదు... ఉట్టిలోంచి చెంబు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ముడి మీద చెయ్యి వేశాను.

"అక్కా..."

బండి వెనక నుంచి. ఆడ గొంతు.

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"అక్కా... గిన్ని నీళ్ళుంటె పొయ్యరాదా."

అడుగుల చప్పుడు నేను వినలేదు. తట్ట కింద పెట్టినట్టు మెల్లగా ఒక చప్పుడు మాత్రం అయింది. మనిషి కనిపించలేదు. బండి వెనక చీకట్లో ఇంకాస్త నల్లగా ఏదో ఉన్నట్టుంది. అంతే. మా ఎద్దులు కొత్త మనిషి వస్తే తల తిప్పకుండా ఉండవు. మెడల్లో గంటలు ఒక్కసారి కూడా మోగలేదు.

"లేవమ్మా," అన్నాను. "కుండ పగిలిపోయింది."

"అయ్యో."

వెళ్ళిపోయిందనుకున్నాను.

"నోరు ఎండుకపోయింది అక్కా... ఒళ్ళె ఏమున్నది?"

"నా బిడ్డ."

"బిడ్డ కాదు. ఎర్రగుడ్డ గట్టింది."

చూడండి... లాంతరు లేదు. నా చెయ్యి నాకే కనపడటం లేదు. గుడ్డ ఎర్రదని ఆమెకెలా తెలిసింది?

"అది... దేవుడిదమ్మా. తియ్యకూడదు."

అబద్ధం. అరనిమిషం కిందట నేనే తియ్యబోయాను. చెంబెడు నీళ్ళు... నా బిడ్డకి పొద్దుటి దాకా చాలవేమోనని భయం. అందులో ఒక గుటక కూడా ఇవ్వబుద్ధి కాలేదు. ఇంకా సిగ్గులేని మాట చెప్పనా? ముడి విప్పితే నీళ్ళ చప్పుడవుతుంది. నా అబద్ధం ఆమెకి తెలిసిపోతుంది. అందుకని చిట్టికి కూడా పొయ్యకుండా కూర్చున్నాను. పిల్ల నాలుక బయటపెట్టడం నా చేతికి తెలుస్తోంది. నీళ్ళు ఒళ్ళో ఉన్నాయి. నేను కదలకుండా కూర్చున్నాను.

"గట్లనా," అంది. కోపం లేదు ఆ గొంతులో. "బిడ్డకు పానం బాగలేదా?"

"లేదు."

"గట్టు మీద పోకుండ్రక్కా. ముందల గట్టు లేదు. ఎనకకు మళ్ళుండ్రి. రెండు తుమ్మలున్నకాడ కుడిదిక్కు దిగితే దీపం కండ్లవడతది."

తర్వాత ఏమీ లేదు. ఎప్పుడు వెళ్ళిందో కూడా తెలియదు. వచ్చినప్పుడు లాగే... చప్పుడు లేదు.

మావారు కాలవ ఎక్కి వచ్చారు. లాంతరు వెలుగులో ఆయన మొహం పాలిపోయి ఉంది.

"ఒక్కడు లేడే. తట్ట లేదు, పార లేదు. మైలు దూరం చూసొచ్చా."

"ఆవిడ మీకు ఎదురు రాలేదా?"

"ఏ ఆవిడ?"

దారి చెప్పిందని మాత్రమే చెప్పాను. నీళ్ళు అడిగిందని చెప్పలేదు. బండి వెనక్కి తిప్పాం. రెండు తుమ్మచెట్లు. కుడివైపు వాలు. దిగిన కాసేపటికే... దీపం. ఆ దీపం కింద మా ఆడపడుచు గొంతు, "ఎవరూ?" అంటూ. నేను బండి దిగలేదు, పడ్డాను. పడ్డా చెంబు మాత్రం చేతిలోంచి వదల్లేదు. ఉప్పేసిన గంజి చెంచాలతో తెల్లారేదాకా పోస్తే, కోడికూత వేళకి చిట్టి ఏడ్చింది. ఆ ఏడుపు వింటూ నేను నవ్వాను. పిచ్చిదానిలా నవ్వాను.

పొద్దున్నే మా ఆడపడుచు భర్త మావారిని గట్టు మీదికి తీసుకెళ్ళి చూపించారు. మా బండి ఆగిన చోటికి కూతవేటు దూరంలో గట్టు తెగి ఉంది. వాగు అడ్డం వచ్చిన చోట వంతెన ఇంకా కట్టలేదు. తాటిచెట్టు లోతు.

"అక్కడ పని ఆగిపోయి ఏడాదయింది బావా. మనిషెవరుంటారు?" అన్నారాయన. మళ్ళీ ఆయనే, "ఏమో... పాలమూరు కూలీలు పక్క పిల్లకాలవ తవ్వుతున్నారు. రాత్రిళ్ళు చప్పుడు దూరం వస్తది," అన్నారు.

మూడో రోజు మా గుడిసె వేసుకుని పాలు పొంగించాం. ముడి అత్తగారు వేసింది వేసినట్టే ఉంది. పిండి ఎండి రాయిలా ఉంది, ఎక్కడా పగల్లేదు. నేనే విప్పాను.

మెడదాకా ఉండాల్సిన నీళ్ళు... సగానికి ఉన్నాయి.

పాలు పొంగుతుంటే అందరూ గోవిందా అంటున్నారు. నేను పొయ్యి ముందు కూలబడి ఏడ్చేశాను. అప్పుడు చెప్పాను మావారికి, అంతా. ఆయన బిందె నిండా నీళ్ళు భుజానికెత్తుకుని గట్టు మీదికి వెళ్ళిపోయారు. పొద్దుగూకాక ఖాళీ బిందెతో వచ్చారు.

"ఎవరైనా కనపడ్డారా?"

"లేదే. బండి ఆపిన కాడ పాత తట్ట ఒకటుంది. ఎండకి పెళుసైపోయింది, ఎప్పటిదో. నీళ్ళు దాని పక్కన పోసొచ్చా."

"ఇంకేం లేదా?"

ఆయన కాళ్ళు కడుక్కోవడం మొదలుపెట్టారు.

"తట్ట కింద తల మీద పెట్టుకునే గుడ్డ చుట్టకుదురు ఒకటుంది. అది మాత్రం కొత్తదే."

ఇంకెప్పుడూ ఆయన ఆ సంగతి ఎత్తలేదు. నీళ్ళెందుకు తగ్గాయంటే కుదుపులకి ఎక్కడో కారి ఉంటాయనేవారు, అంతే. మా చిట్టికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. వినేవాళ్ళంతా నన్ను ఒకటే అడుగుతారు, 'అది దెయ్యమేనంటావా?' అని. నాకు తెలియదు. నిజంగా తెలియదు. ఒక్కటి మాత్రం చెప్తాను... అది దెయ్యమే అయ్యుండాలని ఇన్నేళ్ళుగా రోజూ దేవుడికి మొక్కుకుంటున్నాను. మనిషై ఉంటే... ఆ చీకట్లో నా దగ్గర నీళ్ళడిగి, నేను లేవంటే మాకు దారి చెప్పి, ఆ ఎండిన నోటితో ఎటు నడిచి వెళ్ళిందో...