ముందు తలుపుతో నా పంతం

రాష్ట్రం కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో మనిషి అలిగితే పట్టించుకునేవాళ్లు ఉంటారని నాకు గట్టి నమ్మకం. నకిరేకల్‌లో బాపు కొత్త ఇల్లు కడుతున్నాడు. మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలో అప్పుడే చేరిన నేను, జీతం తెచ్చేవాణ్ని కదా, ముందు తలుపు ఎలా ఉండాలో నన్నే అడుగుతారనుకున్నాను. షాద్‌నగర్‌లో అక్క ఇంటికి వెళ్లినప్పుడు ఒక దుకాణంలో ఇనుప తలుపు చూసి మనసు పారేసుకున్నాను. ఒంటి రెక్క, పైన టేకు రంగు. తట్టి చూస్తే గానీ చెక్క కాదని తెలియదు. బాపుకేమో నిమ్మతోట గట్టు మీది వేపచెట్టు కోయించి రెండు రెక్కల తలుపు చేయించాలని.

“ఇనుము ఎండకు కాలుతదిరా, చెయ్యి పెట్టలేం.”

“వేప వానకు ఉబ్బుతది బాపూ, తియ్యలేం.”

“సరే తియ్, దర్వాజ ఎత్తేనాటికి జూద్దాం.”

మా వైపు దర్వాజ ఎత్తడమంటే, అంటే ద్వారబంధం నిలబెట్టడమంటే, చిన్న పండుగే. ఇంటి ఆడబిడ్డ పసుపు రాసి బొట్లు పెట్టాలి. ముహూర్తం సరిగ్గా నాకు షిఫ్టు ఉన్న రోజున పెట్టారు. (ఎవరు పెట్టించారో నాకు తెలుసు.) సాయంత్రం వచ్చేసరికి రెండు రెక్కల కొలతతో వేప దర్వాజ నిలబడి ఉంది.

“నన్ను అడగకుండనే ఎత్తిన్రా?” అన్నాను.

“పసుపు రాసేది నేను, నన్నడిగిన్రు. నిన్నెందుకు అడుగుతర్రా?” అంది అక్క.

బాపు స్వయంగా పిలిచేదాకా ఆ దర్వాజలో నుంచి అడుగు పెట్టనని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను. గృహప్రవేశం నాడు కూడా వెనక రేకు తలుపు తోసుకుని లోపలికి వెళ్లి కూర్చున్నాను. ఆ విధంగా ఆవు కంటే ముందు కొత్త ఇంట్లోకి వెళ్లినవాణ్ని నేనే అయ్యాను. అయ్యగారు తల పట్టుకుని మంత్రాలు మళ్లీ మొదటి నుంచి చదివారు.

ఏడాది పాటు నా దారి అదే. సంబంధం మాట్లాడడానికి వచ్చిన ఒక పెద్దమనిషి, నేను వెనక నుంచి రావడం చూసి, “కిరాయి పిలగాడా?” అని అమ్మను అడిగాడు. (ఆయన మొహం నేను మరిచిపోలేదు.) సెలవుకు వచ్చిన ప్రతిసారీ, “ముందటికెల్లి రారా” అని బాపు ఒక్క మాట అంటాడేమోనని రేకు తలుపు దగ్గర కాసేపు ఆగేవాణ్ని. అనలేదు.

ఒక ఎండాకాలం నేను సెలవుకు వచ్చేసరికి రేకు తలుపు లేదు. దాని జాగాలో ఒంటి రెక్క, టేకు రంగు ఇనుప తలుపు. బాపు తువ్వాలతో దాని మీది దుమ్ము తుడుస్తున్నాడు.

“ఎట్లుంది?”

“నా తలుపు ఎనక పెట్టిస్తవా బాపూ?”

“నువ్వొచ్చేది గిట్లనే గదరా. నీకిదే ముందట.”

కోపంతో తలుపు మీద చెయ్యి వేశాను. చుర్రుమంది. నేను వేళ్లు ఊదుకుంటుంటే బాపు తువ్వాల అడ్డం పెట్టుకుని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది గానీ, చూపించలేదు.

బాపు పోయాడు. ఇప్పుడు ముందు తలుపు నుంచే వెళ్తున్నాను. పిలిచి ఒట్టు విడిపించేవాడే లేనప్పుడు ఎవరి కోసం నిలబెట్టుకోవాలి? మొన్న ఒకసారి ఎందుకో మనసు గుంజి వెనక నుంచి వెళ్లాను. పుట్టింటికి వచ్చి వంటింట్లో ఉన్న అక్క చూసి, “ఇంక ఎవలి మీద అలుగుతవురా?” అంది.

ఆ మాట అన్నందుకు అక్కతో రెండు రోజులు మాట్లాడలేదు.